బతికి వచ్చిన దొర



మాడుగుల అనగానే మీలో చాలామందికి హల్వా గుర్తొస్తుంది. కాదనే ధైర్యం మాడుగుల వాడిగా నాకు లేదు. కానీ మా ఊళ్ళో ఏ వీధిలో నిలబడి తలెత్తినా ముందు కనిపించేది కొండే. గరికబంద దాటి ఘాట్ ఎక్కితే పాడేరు. అవే కొండల్ని పట్టుకుని పడమటికి పోతే లంబసింగి, చింతపల్లి, గూడెం. ఆ పైన దక్షిణంగా దిగితే కొయ్యూరు, కృష్ణదేవిపేట. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక మా మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. మా నెత్తి మీది కొండ మాత్రం అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఆ జిల్లాకు పేరిచ్చిన మనిషిని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. సినిమా చూశారు, బుర్రకథలు విన్నారు, బళ్ళో ఏకపాత్రాభినయాలకు చప్పట్లు కొట్టారు. ఈ పూట నేను చెప్పబోయేది ఆయన పక్కన నడిచిన మనిషి కథ. ఆ మనిషి పేరు గాం మల్లుదొర.

రాజుగారి కథలో గంటందొర, మల్లుదొర అన్న జంట పేర్లు ఎప్పుడూ ఒకే ఊపిరిలో వస్తాయి. అన్నదమ్ములు. ఊరు బట్టిపనుకుల, ఇప్పటి కొయ్యూరు మండలంలో ఉంది. ఇద్దరూ తుపాకీ పట్టారు, ఇద్దరూ దళాలు నడిపారు. గంటందొర యుద్ధంలో పోయాడు. మల్లుదొర పట్టుబడ్డాడు, శిక్ష అనుభవించాడు, బతికి బయటికి వచ్చాడు. పోయినవాడి కథ చెప్పడం మనకు బాగా వచ్చు. బతికి వచ్చినవాడిని ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం మనకు తెలియదు. అందుకే మల్లుదొర కథ సగం దగ్గరే ఆగిపోతుంటుంది. ఈ పూట ఆ మిగతా సగం కూడా చెప్పుకుందాం.

ముందు ఆ కొండల మీద బతుకు ఎలా ఉండేదో చూడాలి. 1839లో ఇంగ్లీషు వాళ్ళు ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించారు. కలెక్టరే గవర్నరు గారి ఏజెంటు. అతనే కోర్టు, అతనే కచేరీ. ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చిందే. కింద మైదానంలో రైతుకు అన్యాయం జరిగితే మునసబు కోర్టుకో జిల్లా కోర్టుకో పోవచ్చు. పైన ఉన్నవాడు ఎవరి మీద ఫిర్యాదు చేయాలనుకుంటాడో మళ్ళీ వాళ్ళ కచేరీకే పోవాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టుకుని, చోళ్ళు, సామలు చల్లుకుని బతికేవాళ్ళకు కొండ ఒక్కసారిగా పరాయిదైపోయింది. కట్టె కొడితే తప్పు, పశువుని తోలితే తప్పు. అంతకు ముందే, 1879లో, కల్లు మీద వేసిన చిగురుపన్ను రంపను రగిలించింది. గూడెం కొండల్లో 1840ల నుంచీ పితూరీ తర్వాత పితూరీ. అంటే 1922లో రాజుగారితో కలిసి చేసిన తిరుగుబాటు ఉన్నట్టుండి ఆకాశం నుంచి ఊడిపడ్డది కాదు. తాతలు, తండ్రులు తిరగబడ్డ నేల మీద మనవలు తిరగబడ్డారు.

చింతపల్లిలో డిప్యూటీ తాసిల్దారుగా బాస్టియన్ అని ఒకడుండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా కొండపైకి రోడ్డు వేయించడం అతనికి అప్పజెప్పిన పని. రోడ్డు మంచిదేగా అనుకుంటాం. ఆ రోడ్డు కొట్టింది మన్యం వాళ్ళు. పొలం పని మానుకుని రమ్మన్నప్పుడు రావాలి. కూలి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. రాకపోతే దెబ్బలు. గంటందొరకు బట్టిపనుకుల మునసబుగిరీ ఉండేది. బాస్టియన్ హయాంలో అది ఊడింది. మునసబు అంటే జీతం రాళ్ళు కాదు కదా, ఊళ్ళో మాట చెల్లుబాటు. అది పోవడం అంటే ఇంటి పరువు నడివీధిలో పోవడమే. గాం సోదరులకు స్వరాజ్యం అన్న మాట రాజుగారు చెప్పడానికి ముందే ఎవరి మీద కత్తి దూయాలో తెలుసు. నాకు ఇది చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. రాజు వచ్చి అమాయకులైన కొండవాళ్ళను లేపాడని మనం తేలిగ్గా అనేస్తుంటాం. గంటందొర, మల్లుదొర నిద్రలో లేరు. వాళ్ళకున్నది కోపం, లేనిది వ్యూహం.

వ్యూహం రాజుతో వచ్చింది. 1917లో కృష్ణదేవిపేట చేరిన ఆ క్షత్రియ యువకుడు సన్యాసిలా బతికాడు, నాటువైద్యం చేశాడు, జాతకాలు చూశాడు, కల్లు మానమన్నాడు, తగాదాలు పంచాయితీలో తీర్చుకోమన్నాడు. పోలీసులకు అనుమానం వచ్చి కొంతకాలం కనిపెట్టి కూడా ఉన్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు ఠాణాలు. తుపాకులు, తూటాలు, కత్తులు మూటలు కట్టుకుని పోయారు. తీసుకున్న వాటికి లెక్క రాసి సంతకం పెట్టి మరీ పోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజవొమ్మంగిలో ఇంకో పని కూడా చేశారు. అక్కడ బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించుకుని తమతో తీసుకుపోయారు.

ఒక్క సంగతి ఇక్కడ నిదానంగా చెప్పాలి. చింతపల్లి నుంచి కృష్ణదేవిపేటకి, అక్కడి నుంచి రాజవొమ్మంగికి అంతమంది ఆయుధాల బరువుతో వానాకాలం నడవడం ఎలాంటిదో ఊహించండి. ఆగస్టులో మా కొండల మీద గెడ్డలు పొంగుతాయి. ఉదయం మోకాలి లోతున్నది మధ్యాహ్నానికి మనిషిని లాక్కుపోతుంది. ఏ గెడ్డను ఎక్కడ దాటాలి, ఏ ఊళ్ళో రాత్రికి అంబలి దొరుకుతుంది, ఏ ముఠాదారు మనవాడు, ఎవడు సర్కారు వాడు. ఇవన్నీ మోగల్లు నుంచి వచ్చిన రాజు పుస్తకంలో చదివి తెలుసుకున్నవి కావు. దళనాయకుడి పని తుపాకీ పేల్చడం కన్నా ముందు ఇదే. గాం సోదరులు అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు. రాజు మాట ఎక్కడికైనా వెళ్ళాలంటే వాళ్ళ కాళ్ళ మీదే వెళ్ళాలి.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది విన్నవాళ్ళు మర్చిపోలేరు. పోలీసు పటాలం ఇరుకు దారిలో వరసగా ఎక్కుతోంది. పైన చెట్ల మాటున రాజు మనుషులు. ముందు నడుస్తున్నవాళ్ళు మనవాళ్ళు, జీతానికి వచ్చిన దేశీయ పోలీసులు. వాళ్ళను పోనిచ్చారు. ఒక్క తుపాకీ పేలలేదు. ఒక్కొక్కడే కళ్ళముందు నుంచి నడిచి పోతుంటే వేలు బిగబట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో! దొరలు దారి మలుపులోకి వచ్చారు. అప్పుడు కాల్చారు. స్కాట్ కవర్డ్, హైటర్ అన్న ఇద్దరు ఇంగ్లీషు అధికార్లు అక్కడికక్కడే పడిపోయారు. పటాలం చెల్లాచెదురైంది. గురి ఎవరైనా పెట్టవచ్చు, అంతమంది చేత ఒకేసారి ఆగమని చెప్పి ఆపించగలగడం నాయకత్వం. ఆ కట్టుబాటు వల్లే మద్రాసు సర్కారు గుండె ఝల్లుమంది.

తర్వాత మలబారు నుంచి ప్రత్యేక పోలీసులు దిగారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం. వస్తున్నాం అని ముందే కబురు పెట్టి మరీ వచ్చారంటారు. మిరపకాయ టపా అని చెప్పుకునే ఆ ముందస్తు కబురు కథ అక్కడిదే. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మాత్రం దెబ్బ తగిలింది. ఎదురెదురుగా నిలబడి కాల్చుకోవాల్సిన చోట మరఫిరంగుల ముందు ముతక తుపాకులు నిలవలేదు. రాజు చనిపోయాడని కూడా పుకారు. నాలుగు నెలలు కొండల్లో చడీ చప్పుడూ లేదు. 1923 ఏప్రిల్లో అన్నవరంలో పట్టపగలు ప్రత్యక్షమయ్యాడు. మళ్ళీ మొదలు.

ఈ రెండో అంకంలోనే మల్లుదొర మనకు తప్పిపోతాడు. 1923 సెప్టెంబరులో నడింపాలెంలో దొరికిపోయాడు. కథల్లో ఆ మాట ఒక వాక్యంలో అయిపోతుంది, నేనూ ఒక వాక్యంలోనే చెప్పేశాను చూడండి. కానీ దళం వైపు నుంచి చూస్తే అదొక కన్ను పోయినట్టే. అవతల సర్కారు ఊళ్ళ మీద పోలీసు ఖర్చుల భారం మోపింది. తిండిగింజలు పైకి పోకుండా దారులు కట్టింది. అన్నం పెట్టిన ఇల్లల్లా నేరస్థుల ఇల్లయింది. 1924 మొదట్లో అస్సాం రైఫిల్స్ వచ్చాయి. ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్‌ను ప్రత్యేక కమిషనరుగా వేశారు. మే 6న దళంలోని అగ్గిరాజు దొరికాడు. మే 7న మంప దగ్గర రాజును పట్టుకుని, కొయ్యూరు తెచ్చి, చెట్టుకు కట్టి మేజర్ గుడాల్ కాల్చి చంపాడు. విచారణ లేదు. రాజుకు అప్పటికి ఇరవయ్యేడేళ్ళు కూడా నిండలేదు. సరిగ్గా నెల తిరిగేసరికి జూన్ 7న గంటందొర పోయాడు. అగ్గిరాజును అండమాన్ పంపారు. అక్కడే పోయాడు.

అన్న చనిపోయిన వార్త మల్లుదొరకు జైల్లో ఎలా చేరిందో ఎవరూ రాయలేదు. ఎవడో వార్డరు నోటి నుంచి విన్నాడా, కొత్తగా వచ్చిన ఖైదీ చెప్పాడా. ఏదైనా, ఇరవై రెండు నెలల్లో ఊరు, అన్న, నాయకుడు అన్నీ పోయాయి. యావజ్జీవ శిక్ష మిగిలింది. పదమూడేళ్ళకు పైగా గోడల మధ్య గడిచాయి.

ఇక్కడ కొంచెం దూరం వెళ్ళి వస్తాను, ఏమనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో హాలెండు దేశాన్ని హిట్లరు సైన్యం 1940 మేలో అయిదు రోజుల్లో ఆక్రమించింది. దాక్కోవడానికి చెప్పుకోదగ్గ కొండా అడవీ లేని పల్లపు దేశం అది. అక్కడ న్యూలాండె అన్న చిన్న ఊళ్ళో యొహన్నెస్ పోస్ట్ అని ఒక రైతు ఉండేవాడు. యూదులను ఇళ్ళల్లో దాచిపెట్టాడు. దాక్కున్నవాళ్ళకు రేషను కార్డులుండవు, కార్డు లేనిదే తిండి లేదు. అందుకని దళం కట్టి రేషను కార్డులిచ్చే ఆఫీసుల మీద పడి కార్డులు ఎత్తుకొచ్చేవాడు. చింతపల్లి ఠాణాలో తూటాలు, అక్కడ కార్డులు! ఎవరికి ఏది లేకపోతే పోరాటం నడవదో అదే తెచ్చుకున్నారు. 1944 జూలైలో ఆమ్‌స్టర్‌డామ్ జైల్లో ఉన్న తోటివాళ్ళను విడిపించబోయాడు. సాయం చేస్తానన్న కాపలావాడు శత్రువుకు చెప్పేశాడు. జూలై 16న ఇసుక దిబ్బల దగ్గర కాల్చేశారు. ఆయన అన్న మరీనుస్ కూడా అదే పనిలో ఉండి ఆ నవంబరులోనే తూటాకు పోయాడు.

అన్నదమ్ములు, దళాలు, జైలు నుంచి మనవాళ్ళను తెచ్చుకోవడం. ఇంతవరకూ పోలికలు దగ్గరగానే ఉన్నాయి. కానీ యొహన్నెస్ పోయిన పది నెలలకు హాలెండు విడుదలైంది. శత్రువు మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. పోరాడిన వాళ్ళలో బతికిన వాళ్ళు తమ వీధుల్లో తలెత్తుకుని నడిచారు. మన్యంలో అలా కాదు. కొయ్యూరు తూటా తర్వాత ఇంకో ఇరవై మూడేళ్ళు అదే సర్కారు, అవే ఠాణాలు, అదే కచేరీ. మల్లుదొర 1937లో బయటికి వచ్చినప్పుడు మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం అప్పుడప్పుడే కొలువు తీరింది. నిజమే. కానీ కొండ మీద అటవీ గార్డు అలాగే ఉన్నాడు, పోడు మీద ఆంక్ష అలాగే ఉంది. పితూరీదారు అని రాసిన కాగితం కచేరీ బీరువాలో అలాగే ఉంది. అలాంటి చోటికి తిరిగి వచ్చి, పోరాటంలో పాల్గొని నష్టపోయిన ఇళ్ళ మధ్య బతకడం అంటే మాటలా? మనవాళ్ళు పోయారు, నువ్వు వచ్చావు అన్న చూపు ఎవరో ఒకరి కళ్ళల్లో ఉండే ఉంటుంది. ఇది నా ఊహ. ఊహే అయినా మనిషి స్వభావం తెలిసినవాళ్ళు కాదనరు.

కాంగ్రెసు పెద్దలు కూడా మొదట్లో ఈ పోరాటాన్ని తమదని ఒప్పుకోలేదు. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరిలో సహాయనిరాకరణ ఆగిపోయింది. ఆరు నెలలకు మన్యంలో తుపాకులు పేలాయి. గాంధీగారు 1929లో ఆంధ్ర పర్యటన నాటికి రాజు ధైర్యాన్ని, నిష్ఠను మెచ్చుకున్నారు. తుపాకీ దారి మాత్రం తనది కాదన్నారు. పోయినవాడికి ఆ మాత్రం మెప్పు దక్కింది. జైల్లో ఉన్నవాడి గురించి మాట్లాడినవాళ్ళు చాలా తక్కువ.

ఇప్పుడు ఆ మిగతా సగం. 1951-52లో స్వతంత్ర భారతదేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. చదువు, భూమి, పన్ను ఏదీ అడగకుండా ఇరవై ఒక్కేళ్ళు నిండిన ప్రతివాడికీ, ప్రతి ఆడమనిషికీ ఓటు. విశాఖపట్నం అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం అందరికీ, ఒకటి గిరిజనులకు. ఓటరుకు రెండు ఓట్లు. ఇప్పట్లా యంత్రం మీద మీట నొక్కడం కాదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. తెర వెనక్కి వెళ్ళి మనకు కావాల్సిన పెట్టెలో కాగితం వేసి రావాలి. దేశమంతా కాంగ్రెసు గాలి వీస్తున్న ఆ రోజుల్లో విశాఖపట్నం ఇద్దరు స్వతంత్రులను గెలిపించింది. ఒకరు లంకా సుందరం గారు, ఇంగ్లీషులో దంచి ఉపన్యాసాలిచ్చే పండితుడు. రెండోవారు గాం మల్లుదొర.

1952 మే 13న మొదటి లోక్‌సభ కొలువైంది. ఢిల్లీలో అప్పటి పార్లమెంటు గుండ్రటి భవనానికి 1921 ఫిబ్రవరిలో పునాది రాయి వేశారు. 1927 జనవరిలో తెరిచారు. ఈ తేదీలు నాకు చాలా ఇష్టం, అందుకే చెబుతున్నాను. ఇంగ్లీషు వాళ్ళు తమ సామ్రాజ్యం కలకాలం ఉంటుందని అక్కడ స్తంభాలు లేపుతున్న రోజుల్లోనే మల్లుదొర చింతపల్లిలో వాళ్ళ ఠాణా తలుపులు బద్దలు కొడుతున్నాడు. గృహప్రవేశం నాటికి వాళ్ళ జైల్లో ఉన్నాడు. పాతికేళ్ళు తిరిగేసరికి అదే భవనంలోకి సభ్యుడిగా నడిచి వెళ్ళాడు. 1839 చట్టం కొండవాణ్ణి మామూలు కోర్టు గడప ఎక్కనివ్వలేదు. చట్టాలు చేసే ఇంట్లోనే ఇప్పుడు ఆయనకు కుర్చీ.

అక్కడ ఏం పెద్ద ఉపన్యాసాలు దంచాడని ఎవరైనా అడగవచ్చు. అడిగేవాళ్ళున్నారు కూడా. పార్లమెంటు అంటే ఇంగ్లీషూ హిందీ తెలిసినవాళ్ళ వాదోపవాదాల చోటు. బట్టిపనుకుల నుంచి జైలు మీదుగా వచ్చిన మనిషిని లంకా సుందరం గారి తక్కెడలో పెట్టి తూచడం న్యాయం కాదు. మన్యం ఓటరు ఆయన్ని పంపింది ఉపన్యాసం కోసం కాదు. పితూరీలో పోయిన మనుషుల లెక్క ఒకటి ఆ ఓటరు మనసులో ఉంది. ఆ లెక్క చూపించడానికి పంపాడు. ఆ మాటకొస్తే, తిరుగుబాటుకు శిక్షపడ్డ మనిషిని ఆ తిరుగుబాటు జరిగిన జిల్లా జనమే రహస్య ఓటుతో గెలిపించడం కన్నా గట్టి తీర్పు ఏ కోర్టు ఇవ్వగలదు? కొయ్యూరులో చెట్టు కింద జరగని విచారణ దాదాపు ముప్ఫయ్యేళ్ళ తర్వాత పోలింగు పెట్టెల్లో జరిగిందని నా అభిప్రాయం.

2022 జూలై 4న, రాజుగారి నూట ఇరవై అయిదో జయంతి సంవత్సరం మొదలవుతూ భీమవరంలో ముప్ఫై అడుగుల కాంస్య విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. ఆ వేదిక మీద రాజుగారి వంశీకులతో పాటు మల్లుదొర కుమారుణ్ణి కూడా సత్కరించారు. సంతోషం. తొంభై ఎనిమిదేళ్ళకైనా ఇద్దరి పేర్లూ ఒక వేదిక మీద వినిపించాయి.

మా మాడుగుల నుంచి ఎవరైనా చూడదలిస్తే నర్సీపట్నం మీదుగా కృష్ణదేవిపేట వెళ్ళిరావచ్చు. రాజు సమాధి, గంటందొర సమాధి అక్కడే ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళే బళ్ళు ఆ పార్కులో ఫొటోలు దిగి మధ్యాహ్నానికి తిరుగుముఖం పడతాయి. ఇంకో గంట తీరిక చేసుకుని కొయ్యూరు వైపు, బట్టిపనుకుల దాకా వెళ్ళమని మాస్టార్లకు నా మనవి. వీరులు పుట్టిన ఊళ్ళు కూడా మామూలు ఊళ్ళలాగే ఉంటాయని, జీడితోటలు, పెంకుటిళ్ళు, వీధిలో కోళ్ళు ఉంటాయని పిల్లలు చూడడం మంచిది.

ఇంకొక్క మాట చెప్పి సెలవు తీసుకుంటాను. ఏటా వార్షికోత్సవాల్లో మన బళ్ళలో రాజుగారి నాటకం వేస్తారు. కాషాయం కట్టిన కుర్రాడు చెట్టుకు ఆనుకుని నిలబడతాడు, టపాకాయ పేలుతుంది, తెర పడుతుంది. నాటకం రాసే మాస్టార్లు ఈసారి తెర పడకుండా ఇంకో రంగం రాయండి. వేదిక మీద రెండు పెట్టెలు, వాటి మీద గుర్తులు, వరసలో నిలబడ్డ కొండ జనం. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కాగితం వేసిపోతారు. చివర అధికారి లెక్క చదువుతాడు. వరసలో వెనక నిలబడ్డ ఒక నడివయసు మనిషి, ముతక చొక్కా, చేతిలో ఆయుధం ఏమీ లేదు, తన పేరు విని ముందుకు వస్తాడు. ఈ రంగానికి తుపాకులూ అక్కర్లేదు, చొక్కాలకు ఖర్చూ లేదు. మల్లుదొర వేషానికి కుర్రాడు దొరకడమే కష్టం, ఎందుకంటే అందరూ రాజు వేషమే అడుగుతారు. దానికి మీరే ఒక ఉపాయం చూడాలి.